వెనక రేకు

నేను 18 సెంటీమీటర్ల చదరపు రేకుని. తెల్ల రంగు మీద ఎర్రగా ‘ఎల్’ అక్షరం. ఎత్తు 10 సెంటీమీటర్లకు తగ్గకూడదు, మందం 2, అడుగున వెడల్పు 9. ఈ కొలతలన్నీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉన్నవే. కోటబొమ్మాళిలో నంబరు ప్లేట్లు రాసే పెయింటరు స్కేలు పెట్టి మరీ నన్నూ నా జంట రేకునీ గీశాడు. రెండు ఎర్ర టేపు ముక్కలు అంటిస్తే పోలేదా అని కొట్టు దగ్గర ఎవరో అడిగారు. “ఎనకొచ్చీవోడికి దూరాన్నుంచే కనబడాలి బావూ. దగ్గరికొచ్చీసాక కనబడితే ఏటి లాభం?” అన్నాడాయన. నా ఉద్యోగమేమిటో నాకు ఆ మాటతోనే తెలిసింది.

జంట రేకు ముందు బంపరుకి ఎక్కింది. నన్ను వెనక డిక్కీకి కట్టారు. దానికి దారి కనబడుతుంది, నాకు వెనకొచ్చేవాళ్ల ముఖాలు కనబడతాయి.

నన్ను కొనుక్కున్నది హరిశ్చంద్రపురం కుర్రాడు. ఈ ఊరికి ఒక పక్క హౌరా-చెన్నై రైలు మార్గం, ఇంకో పక్క 16వ నంబరు జాతీయ రహదారి. అటు కోటబొమ్మాళి, టెక్కలి దాటితే పలాస. కుర్రాడి మేనమామది వజ్రపుకొత్తూరు మండలంలోని ఉద్దానం ఊరు. ఏళ్ల తరబడి లారీ తోలాడు. పలాస జీడిపప్పు, ఉద్దానం కొబ్బరికాయలు ఎక్కడెక్కడికో చేరవేశాడు. 2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుఫాను ఆయన కొబ్బరి చెట్లనీ జీడి తోటనీ పడగొట్టేసింది. ఆ తర్వాత, ఉద్దానంలో ఊరూరా ఉన్న కిడ్నీ జబ్బు ఆయనకీ వచ్చింది. ఇప్పుడు అక్కగారింట్లో ఉంటూ పలాసలో డయాలసిస్ చేయించుకుంటున్నాడు. 2023 డిసెంబరులో అక్కడ 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచాక ఆ జబ్బున్నవాళ్లకు దూరప్రయాణాలు తగ్గాయి. అయినా వారం వారం ఆటోలూ బస్సులూ మారి వెళ్లిరావడం ఆయన ఒంటికి కష్టం. అందుకని కుర్రాడు పాత మారుతి ఒకటి కొన్నాడు, ఎల్‌ఎల్‌ఆర్, అంటే నేర్చుకునేవాళ్ల లైసెన్సు, తీసుకున్నాడు.

ఎల్‌ఎల్‌ఆర్ గడువు ఆరు నెలలు. అది చేతిలో ఉన్నంతకాలం స్టీరింగు పట్టుకోవాలంటే మూడు షరతులున్నాయి. ఎల్‌ఎల్‌ఆర్ చెల్లుబాటులో ఉండాలి. బండికి ముందొకటి వెనకొకటి మేముండాలి. లైసెన్సున్న మనిషి ఒకరు పక్కన ఉండాలి. ఆ మూడో షరతులో ఇంకో మెలిక కూడా ఉంది: ఆ మనిషి అవసరమైతే బండిని అదుపు చెయ్యగలిగేలా, ఆపగలిగేలా కూర్చోవాలి. డ్రైవింగ్ స్కూలు కార్లలో ఎడం పక్క కూడా బ్రేకు పెడలు ఉంటుంది. మా మారుతికి అది లేదు. మావయ్య ఎడం సీట్లో కూర్చుని, కుడిచెయ్యి హ్యాండ్‌బ్రేకు మీద వేసి ఉంచేవాడు. ఆసుపత్రికి వెళ్లే దారి పొడుగునా ఆ చెయ్యి అక్కణ్నుంచి కదిలేది కాదు.

నారాయణవలస సంత రోజు జరిగింది చెబుతాను. గేదెల్ని తోలుకొస్తున్నవాళ్లు హైవే దాటుతున్నారు. కుర్రాడు బ్రేకు తొక్కాడు, క్లచ్ మరిచాడు, ఇంజను ఆగిపోయింది. నా వెనక ఒక ట్రైలరు, దాని మీద గొలుసులతో బిగించిన నీలి గ్రానైటు బండ. ఆ రాయి ఎంత బరువో నాకు తెలీదుగానీ, ట్రైలరు టైర్లు దాని కింద ఎలా అణిగి ఉన్నాయో దగ్గర్నుంచి చూశాను. హారను ఒకసారి గట్టిగా మోగింది. లోపల కుర్రాడి కాలు వణుకుతోంది. తాళం తిప్పుతున్నాడు, బండి ఎగురుతోంది, మళ్లీ ఆగుతోంది.

“కంగారు పడకు అల్లుడూ. క్లచ్చి పూర్తిగా తొక్కు. గేరు న్యూట్రల్లో పెట్టు. ఇప్పుడు తాళం తిప్పు. ఎనకోడు ఆగుతాడు. బోర్డు సూశాడు” అన్నాడు మావయ్య.

నిజంగానే చూశాడు. ట్రైలరు డ్రైవరు కళ్లు నా మీద పడటం, చెయ్యి హారను మీంచి తియ్యడం, వెనక్కి తిరిగి తన వెనకవాళ్లకు ఆగమని చెయ్యి ఊపడం చూశాను. అందరూ అలా ఉండరు. నన్ను చూసి కావాలనే ఆనుకునేట్టు వచ్చి, హెడ్‌లైట్లు కొట్టి, ఎడం పక్కనుంచి దూసుకుపోయేవాళ్లూ ఉన్నారు. ఒకప్పుడు తామూ నన్ను కట్టుకునే నేర్చుకున్నారన్న సంగతి వాళ్లకు గుర్తుంటే బాగుండును.

వెళ్లేటప్పటి సంగతి అది. వచ్చేటప్పుడు ఇంకో చిక్కు. డయాలసిస్ అయ్యాక మనిషి నీరసించిపోతాడు. సీటు వెనక్కి వాల్చుకుంటే కళ్లు మూతపడతాయి. హ్యాండ్‌బ్రేకు మీది చెయ్యి ఒళ్లోకి జారిపోతుంది. లైసెన్సున్న మనిషి పక్కనే ఉన్నాడు, నిజమే. కానీ నిద్రపోతున్న మనిషి బండి ఆపగలడా? కాగితం మీద షరతు నెరవేరినట్టే, రోడ్డు మీద మాత్రం కాదు. మావయ్యే దానికి దారి చెప్పాడు: “నేను కళ్లు మూస్తే బండి పక్కకి తియ్యి. లేపకు. నాకై నేను లేచిందాకా ఆగు.” కుర్రాడు అలాగే చేసేవాడు. టీకొట్టు పక్క చెట్టు నీడన ఆపి, అద్దాలు దించి, మావయ్య లేచేదాకా స్టీరింగు ముట్టుకునేవాడు కాదు. ఆలస్యమైందని ఇంట్లో ఎవరూ ఏమీ అనేవారు కారు.

ఎల్‌ఎల్‌ఆర్ వచ్చి 30 రోజులు దాటితేగాని టెస్టుకి రానివ్వరు. తప్పితే వారం ఆగి మళ్లీ వెళ్లొచ్చు; మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. మావాడు మొదటిసారి రివర్సులో గీత తొక్కాడు, రెండోసారి పాసయ్యాడు. ఆ సాయంత్రం కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి గుడి ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి, ఇంటికొచ్చి పట్టకారు తీశాడు. నా తీగ కత్తిరించడానికే.

అక్కడే నేను మనసులో మాట చెప్పాలి. ఏడాదికి పైగా వెనక వేలాడి చూసిన రేకుని కాబట్టి గట్టిగానే చెబుతాను. నిన్నటిదాకా పక్కన మనిషి లేనిదే ఊళ్లో వీధి కూడా తిరగకూడనివాడు, ఈ రోజు నుంచి ఒంటరిగా, అర్ధరాత్రి, నలుగురు స్నేహితుల్ని ఎక్కించుకుని ఇచ్ఛాపురం దాకా తోలొచ్చు. ముప్ఫయ్యేళ్లు లారీ తోలిన మావయ్యకు ఏ రూళ్లో, నిన్న పాసైన కుర్రాడికీ అవే రూళ్లు. నేర్చుకోవడానికీ, వచ్చేసిందనుకోవడానికీ మధ్య మన 1988 మోటారు వాహనాల చట్టంలో మెట్టు లేదు. ఒక్కచోట మాత్రం చట్టం ఆగి చూస్తుంది: సరుకునో జనాన్నో అద్దెకు మోసే ట్రాన్స్‌పోర్టు బండికి ఎల్‌ఎల్‌ఆర్ కావాలంటే, చిన్న బండి లైసెన్సు వచ్చి ఏడాదైనా కావాలి. సొంత కారుకి, మోటారుసైకిలుకి ఆ ఏడాది లేదు.

తీగ తెగకుండా ఆపింది మెల్‌బోర్న్ నుంచి వచ్చిన వీడియో కాల్. మావయ్య కూతురు అక్కడ చదువుకుంటోంది, అక్కడే కారు నేర్చుకుంది. “లైసెన్సొచ్చింది మరదలా” అని వీడు కార్డు చూపించాడు. ఆ అమ్మాయి సంతోషించి, తన కారు వెనకకి ఫోను తిప్పి చూపించింది. పచ్చ పలక, దాని మీద తెల్లటి ‘పి’ అక్షరం.

“నాకింకా ప్రొబేషనే బావా. ఇక్కడ 21 దాటాక లైసెన్సు తీసుకుంటే మూడేళ్లు ఈ పచ్చ బోర్డు ఉండాలి. అంతకంటే చిన్నవాళ్లకైతే ముందు ఏడాది ఎర్ర బోర్డు, తర్వాత పచ్చది.”

మావయ్య పక్క మీంచి లేచి కూర్చున్నాడు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే చెప్పింది. విక్టోరియా రాష్ట్రంలో ఎర్ర బోర్డు, పచ్చ బోర్డు ఉన్నవాళ్లు చుక్క మందు కూడా ముట్టి బండెక్కకూడదు. ఫోను చేత్తో పట్టుకోకపోయినా మాట్లాడకూడదు. ఎర్ర బోర్డువాడు తన ఈడువాళ్లని, అంటే 16 నుంచి 21 ఏళ్లవాళ్లని, ఒకరికి మించి ఎక్కించుకోకూడదు. తప్పు చేస్తే పాయింట్లు పడతాయి. పూర్తి లైసెన్సున్నవాడికి మూడేళ్లలో 12 దాకా ఓపిక పడతారు, ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఏడాదిలో అయిదు పడితే చాలు, లైసెన్సుకి ఎసరు.

“ఈడువాళ్లని ఎక్కించుకుంటే ఏటి తప్పు?” అని అడిగింది కుర్రాడి తల్లి.

“తోలీవోడి ధ్యాస రోడ్డు మీదుండదప్పా. ఇంకా స్పీడు పోనీరా అని రెచ్చగొడతారు” అన్నాడు మావయ్య, కూతురు చెప్పేలోపే.

ఇది ఆస్ట్రేలియా ఒక్కదాని మాట కాదు. జపాన్‌లో 1972 నుంచి కొత్త డ్రైవరు ఏడాదిపాటు పసుపు-పచ్చ ఆకు గుర్తు అంటించుకుంటాడు. జర్మనీలో 1986 నుంచి మొదటి రెండేళ్లూ ప్రొబేషనే. బ్రిటన్‌లో నా జాతి బోర్డులు 1935 నుంచి ఉన్నాయి. అక్కడ 1997 నుంచి, లైసెన్సొచ్చిన రెండేళ్లలో ఆరు పాయింట్లు పడితే లైసెన్సు పోయి, మళ్లీ నన్ను కట్టుకుని మొదట్నుంచి రావాలి. కొత్తవాడికి అనుభవం వచ్చేదాకా ప్రమాదమున్న చోట్లకి మెల్లగా వదలడం వీటన్నిటి వెనకున్న ఆలోచన. రాత్రి, స్నేహితుల గుంపు, మందు, ఫోను. మన హైవే మీద ఈ నాలుగూ లేవా?

మన చట్టంలో మరీ చిన్నవాళ్ల విషయంలో మాత్రం కఠినమైన మాట ఉంది. 2019 సవరణ తర్వాత మైనరు బండి తోలి నేరం చేస్తే, బండి ఇచ్చిన తండ్రికో యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లైసెన్సు రాదు. అయినా తొమ్మిదో తరగతి పిల్లలు తండ్రి బైకు మీద ముగ్గురేసి నా పక్కనుంచి వెళ్లడం నేను చూస్తూనే ఉన్నాను. వాళ్ల బండికి నేనూ ఉండను, వెనక కూర్చుని నేర్పేవాడూ ఉండడు. ఆ ఇళ్లలో పెద్దవాళ్లకి ఈ సంగతి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పాలి.

ఆ రాత్రి మావయ్య పట్టకారు తీసుకుని తన తలగడ కింద పెట్టుకున్నాడు. “ఏడాది ఉంచు అల్లుడూ. ఆ ఏడాదీ చీకటి పడ్డాక హైవే ఎక్కకు. ఫోను డ్యాష్‌బోర్డులో పడీ. ఫ్రెండ్సు ముగ్గురొస్తే ఒకణ్నే ఎక్కించుకో.” కుర్రాడు ఒప్పుకోలేదు. లైసెన్సుంది కదా, జంక్షన్లో అందరూ నవ్వుతారు అన్నాడు. మావయ్య తన దగ్గర క్లీనర్లుగా చేరి డ్రైవర్లైన పిల్లల గురించి చెప్పాడు. లైసెన్సు వచ్చినా మొదటి ఏడు వాళ్లకు రాత్రి స్టీరింగు ఇచ్చేవాడు కాదట. ఎదురు లైట్లు కళ్లల్లో కొడితే రోడ్డు అంచు ఎక్కడుందో, లైటు లేని ట్రాక్టరు ఎక్కడ ఆగి ఉందో పోల్చుకోవడం పగటి టెస్టులో రాదు. ఆ మాట ఈ ప్రాంతంలో విడమరిచి చెప్పనక్కర్లేదు. 2008 పునర్విభజన దాకా హరిశ్చంద్రపురం పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. అక్కణ్నుంచి గెలిచి, తర్వాత కేంద్ర మంత్రి కూడా అయిన కింజరాపు ఎర్రన్నాయుడు 2012 నవంబరు 2న, రాత్రి ప్రయాణంలో, రణస్థలం దగ్గర ఇదే రహదారి మీద ప్రమాదంలో చనిపోయారు. ఆ మాట వచ్చేసరికి కుర్రాడి వాదన ఆగింది.

లైసెన్సున్నవాడు నన్ను కట్టుకోవాలని చట్టం అడగదు. మా ఇల్లు అడిగింది. ఏడాది పొడుగునా నేను అక్కడే ఉన్నాను. మొదట్లో జంక్షన్లో నిజంగానే నవ్వారు. ఆ ఏడాదిలో వానాకాలం వచ్చింది, పొగమంచు వచ్చింది, తడి రోడ్డు మీద బ్రేకు ఎంత దూరం ముందు తొక్కాలో వాడి కాలికి తెలిసింది. ఆఖరి నెలల్లో మావయ్య పక్కన కూర్చుని, చీకటిలో హైవే మీద నిమ్మాడ దాకా తోలించాడు, తర్వాత టెక్కలి దాకా. డయాలసిస్ నుంచి వచ్చేటప్పుడు మావయ్య ఇప్పుడు నిశ్చింతగా నిద్రపోతున్నాడు. బండి ఆపనక్కర్లేదు.

మారుతి మీంచి నన్ను తీశాక నాకు కొత్త చోటు దొరికింది. కుర్రాడి చెల్లికి 18 నిండాయి, ఎల్‌ఎల్‌ఆర్ తీసుకుంది. ఆమె స్కూటీ వెనక ఇప్పుడు నేను. ద్విచక్ర వాహనానికి రూలు ఇంకా గట్టిది: నేర్పేవాడు తప్ప ఇంకెవరూ వెనక కూర్చోకూడదు. కాబట్టి స్నేహితురాళ్లని ఎక్కించుకునే వీలు లేదు. అన్నయ్యే వెనక కూర్చుంటున్నాడు. లైసెన్సొచ్చాక ఏడాది హైవే ఎక్కకూడదని ఆమెకీ షరతు పెట్టారు. ఆ అమ్మాయి ఒప్పుకుంటూనే అడిగింది: “ఏడాది కాదు, రెండేళ్లుంచండి. కానీ నా కాలేజీ టెక్కలిలో. హైవే ఎక్కకుండా ఎలగెళ్లాలో అది కూడా మీరే సెప్పండి.”

మావయ్య దగ్గర వెంటనే జవాబు లేదు. పల్లెల మీదుగా వెళ్లే లోపలి రోడ్లు ఎక్కడెక్కడ పాడైపోయి ఉన్నాయో, హైవేని ఎక్కడ దాటక తప్పదో చూసి రమ్మన్నాడు. ఆదివారం పొద్దున్నే బయల్దేరుతున్నాం. చెల్లి తోలుతుంది, అన్న వెనక కూర్చుంటాడు, ఇద్దరికీ హెల్మెట్లున్నాయి.