కుంచె కొంటే ప్రశాంతత ఉచితం

జపనీస్ కాలిగ్రఫీ నేర్పుతామనే ఆన్‌లైన్ ప్రకటనలు ఎవరు తీసినా ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. వెదురు వేణువు సన్నగా మోగుతుంది. గ్రీన్ టీ కప్పులోంచి ఆవిరి లేస్తుంది. మొహం కనపడని ఒక చెయ్యి కుంచెను నల్లసిరాలో ముంచి కాగితం మీద తీరిగ్గా సున్నా చుడుతుంది. ఊపిరి పీల్చండి, వదలండి, మీలోని జెన్‌ను మేల్కొల్పండి అంటూ తెర మీద అక్షరాలు తేలతాయి. ఒత్తిడి తగ్గుతుందట, నిద్ర పడుతుందట, ఏకాగ్రత పెరుగుతుందట, ఆఫీసులో పనితనం మెరుగుపడుతుందట. నాలుగు వారాలు, సర్టిఫికెట్‌తో సహా. కిట్టు కొరియర్‌లో ఇంటికే వస్తుంది. ఇన్ని లాభాలు ఏకరువు పెట్టినవాళ్ళు చివర్లో రాయడం కూడా వస్తుందని ఒక్క ముక్క చేర్చి ఉంటే బాగుండేది. బహుశా మొహమాటం అడ్డొచ్చి ఉంటుంది.

ఈ కళను జపాన్‌లో షోడో అంటారు. అక్కడ దానికీ ప్రశాంతతకూ ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో చూడాలంటే ఏ గుడికో పోనక్కర్లేదు, మూడో తరగతి గదిలోకి తొంగిచూస్తే చాలు. బడిలో ఆ తరగతి నుంచే కుంచెరాత తప్పనిసరి పాఠం. గదినిండా ఎనిమిది తొమ్మిదేళ్ళ పిల్లలు, ఒక్కొక్కరి ముందూ నల్లసిరా. ఆ గదిలో శాంతి ఏపాటి ఉంటుందో పిల్లల్ని కన్నవాళ్ళకు వేరే చెప్పాలా? చొక్కా చేతులకు నలుపు, మోచేతికి నలుపు, పక్కవాడి ముక్కుకు నలుపు. గీత చివర కుంచె ఆగాల్సిన చోట ఆగాలి, కొక్కెం దగ్గర ఎగరాలి, తోక దగ్గర మెల్లగా పైకి లేస్తూ ఊడ్చినట్టు పోవాలి. తోమే, హనే, హరాయ్ అని వీటికి పేర్లు. ఈ మూడూ కుదిరాయో లేదో టీచరు ఎర్రసిరాతో కాగితం మీదే తేల్చేస్తారు. జనవరి 2న కకిజొమే అని కొత్త సంవత్సరపు తొలిరాత రాయడం ఆచారం. ఆ నెలలోనే టోక్యోలో పెద్ద పోటీ పెడతారు. ఎక్కడనుకున్నారు? 1964 ఒలింపిక్స్‌లో జూడో కోసం కట్టిన బుడోకాన్ హాల్లో. వరసలు వరసలుగా జనం నేల మీద పొడుగాటి కాగితాలు పరుచుకుని, మోకాళ్ళ మీద వంగి, గడియారంతో పోటీపడుతూ రాస్తారు. హైస్కూలు పిల్లల సంగతి మరీ చోద్యం. ఎహిమే ప్రాంతంలోని షికోకుచూవో అనే కాగితపు మిల్లుల ఊళ్ళో 2008 నుంచి వాళ్ళకు జట్టు పోటీలు జరుగుతున్నాయి. పాటలు పెట్టుకుని, గంతులేస్తూ, చీపురంత కుంచెలతో రాస్తారు. వేణువు వింటూ ఊపిరి పీల్చే తీరిక వాళ్ళకు లేదు.

జపాన్ గురువులందరూ హిమాలయాల్లోంచి దిగివచ్చారని నేననడం లేదు. నిత్తెన్ అని అక్కడ ఒక మహా కళాప్రదర్శన ఉంది. అందులో 2009లో ముద్రాక్షరాల విభాగానికి ఏ సంఘం శిష్యులు ఎందరు ఎంపిక కావాలో ముందే వాటాలు పంచేశారని 2013లో అసాహి షింబున్ పత్రిక బయటపెట్టింది. పెద్ద గొడవైంది, సంస్థను కడిగి మళ్ళీ ముగ్గెయ్యాల్సి వచ్చింది. కుంచె పట్టిన ప్రతివాడికీ అహంకారం కరిగిపోతుందని చెప్పే ప్రకటనల్లో ఈ కథ మాత్రం వినపడదు.

ఇక ఆ సున్నా దగ్గరికి వద్దాం. దాని పేరు ఎన్సో. జెన్ మఠాల్లో ఏళ్ళ తరబడి ధ్యానంలో కూర్చున్న సన్యాసులు ఒక్క ఊపులో గీసిన వృత్తాలు కొన్ని శతాబ్దాలుగా గోడలకు వేలాడుతున్నాయి. ఆ పెద్దవాళ్ళు చివరికి చేరుకున్నది ఆన్‌లైన్ క్లాసులో మొదటి పాఠం. ఎందుకో గ్రహించడం కష్టమేమీ కాదు. సున్నాకు అక్షరం తెలియక్కర్లేదు, గీతల వరస తెలియక్కర్లేదు. వంకరగా వస్తే వ్యక్తిత్వం, సిరా చాలక మధ్యలో తెగితే శూన్యతత్వం, కాగితం చిరిగితే అనిత్యత. తప్పు పట్టడానికి వీల్లేని పాఠం ప్రపంచంలో ఇదొక్కటే. దానికి బదులు అడ్డంగా ఒక్క గీత గీయమనండి, జపనీస్ రాతలో ‘ఒకటి’ అనే అక్షరం అదే. మొదట కుంచె మొన ఎక్కడ ఆనింది, మధ్యలో ఎక్కడ బరువు తగ్గింది, చివర ఆగిందా జారిందా, అంతా బయటపడుతుంది. ఇంకాస్త ధైర్యముంటే ‘శాశ్వతం’ అని అర్థమొచ్చే అక్షరం రాయమనండి. కుంచెరాతలోని ఎనిమిది మూలగీతలూ ఆ ఒక్క అక్షరంలోనే ఉన్నాయని వందల ఏళ్ళుగా దాన్ని దిద్దిస్తున్నారు. పైనున్న చుక్క కాస్త పక్కకు జరిగితే అక్షరమంతా కూలబడుతుంది. అలాంటిదాన్ని మొదటి వారమే ఇస్తే రెండో వారానికి ఫీజు కట్టేదెవరు?

మూడో వారానికి వీళ్ళు మీ సొంత శైలిని వెతికి పట్టుకోమంటారు. కానీ షోడోలో శిక్షణంటే ప్రధానంగా నకలు రాయడం. దాన్ని రిన్‌షో అంటారు. క్రీ.శ. 353లో చైనాలో వాంగ్ షీజీ అనే పెద్దమనిషి ఒక వనభోజనాల నాడు స్నేహితుల కవితలకు ముందుమాట రాశాడు. ఆ కాగితం ఎప్పుడో పోయింది, తనకు ఇష్టమని ఒక చక్రవర్తి సమాధిలోకి తీసుకుపోయాడని చెప్పుకుంటారు. మిగిలినవి నకళ్ళు. ఆ నకళ్ళ నకళ్ళను చూసి జపాన్‌లో ఇవాళ్టికీ జనం రాస్తూనే ఉన్నారు. పదహారు వందల ఏళ్ళ కిందటి మనిషి చేతివాటం తన చేతిలోకి దిగేదాకా సొంత శైలి మాటెత్తడానికి సిగ్గుపడతారు. మన నాలుగు వారాల కోర్సులో ఆ సిగ్గుకు స్లాటు కేటాయించలేదు.

కిట్టు విప్పితే ఇంకో వేడుక. అసలు సిరా కడ్డీ రూపంలో ఉంటుంది. నూనెదీపాల మసిని జంతువుల జిగురుతో కలిపి చేస్తారు. నారా నగరం దీనికి పుట్టిల్లు లాంటిది, అక్కడి కొబాయెన్ అనే దుకాణం 1577 నుంచీ ఇదే పనిలో ఉంది. ఎండల్లో జిగురు కుళ్ళిపోతుంది కాబట్టి పని చలికాలంలోనే. పనివాళ్ళు నల్లటి ముద్దను కాళ్ళతో తొక్కి, చేతులతో పిసికి, అచ్చుల్లో పెట్టి, బూడిదలో కప్పి ఆరబెడతారు. ఆపైన నెలల తరబడి వేలాడదీస్తారు. రాసేవాడు ఆ కడ్డీని రాతి పలక మీద నీళ్ళచుక్కలేసి, సాన మీద గంధం తీసినట్టు అరగదీసుకోవాలి. ప్రకటన ఈ అరగదీతను ‘ధ్యానానికి తొలిమెట్టు’ అని పావుగంట వర్ణిస్తుంది. కిట్టులో వచ్చేది ప్లాస్టిక్ సీసా. సీసాసిరా మీద నాకేమీ పగ లేదు, జపాన్ బడిపిల్లలూ చాలావరకు దాన్నే వాడతారు. వాళ్ళకు గంట బడి, అంత అరగదీసే తీరికెక్కడ? కాకపోతే వాళ్ళ టీచరు సీసా చేతికిచ్చి కడ్డీ మీద ఉపన్యాసం చెప్పరు.

కుంచె కూడా అంతే. దాని వెంట్రుకలు రెండోరోజుకే చెదిరిపోతే, మీరు ఫిర్యాదు చేస్తే, ఒక జపాన్ సామెత సిద్ధంగా ఉంటుంది: కోబో కుంచెను ఎంచుకోడు. కోబో అంటే కూకాయ్, తొమ్మిదో శతాబ్దపు బౌద్ధాచార్యుడు, జపాన్ మూడు మహా లిపికారుల్లో ఒకరు. తీరా చరిత్ర చూస్తే ఆ మహానుభావుడు 812లో సాగా చక్రవర్తికి నాలుగు కుంచెలు ప్రత్యేకంగా చేయించి పంపాడు. నిలకడ రాతకొకటి, జోరు రాతకొకటి, గొలుసు రాతకొకటి, సూత్రాల నకలుకొకటి. ఒక్కో రాతకు ఒక్కో కుంచె కావాలని పట్టుబట్టిన మనిషి నెత్తిన ఆ సామెత ఎలా పడిందో గానీ, నాసి సరుకు అమ్మేవాళ్ళకు మాత్రం దేవుడిచ్చిన వరం.

అదే కూకాయ్‌ని క్రాష్ కోర్సుకు సాక్షిగా పిలిచేవాళ్ళూ తగులుతారు. ఇరవై ఏళ్ళ చదువుకని చైనా వెళ్ళి రెండేళ్ళలోనే 806లో తిరిగొచ్చాడు కదా అని. నిజమే. 804లో బయల్దేరిన నాలుగు ఓడల్లో చైనా చేరినవి రెండే అన్నది వాళ్ళు చెప్పరు. గురువు ముందు కూర్చోవడానికి శిష్యుడే ప్రాణాలు పణంగా పెట్టి సముద్రం దాటాడు. చాంగాన్ నగరంలో మన దేశం నుంచి వెళ్ళిన భిక్షువుల దగ్గర సంస్కృతమూ, సిద్ధం లిపీ నేర్చాడు. బ్రాహ్మి సంతతికి చెందిన లిపి అది, అంటే మన తెలుగు అక్షరాలకు దాయాది. జపాన్ శ్మశానాల్లో సమాధుల వెనక నిలబెట్టే పలకల మీద ఇప్పటికీ ఆ లిపి కనిపిస్తుంది. వాళ్ళు మన అక్షరాలను పన్నెండు వందల ఏళ్ళుగా కుంచెతో దిద్దుకుంటున్నారు. మాదాపూర్ నుంచి డల్లాస్ దాకా మనవాళ్ళేమో అమ్మకు మెసేజ్ కూడా ఇంగ్లీషు లిపిలో కొట్టి, సాయంత్రానికి శాంతి అనే మాటను జపాన్ కంజీ అక్షరాల్లో రాయడానికి లాగిన్ అవుతారు. సరే, ఎవరి సరదా వారిది.

అసలు తగువు దూరం గురించి అనుకునేరు. దూరం నుంచి నేర్పడం జపాన్‌కు కొత్తేమీ కాదు. షోడో సంఘాలు నెలనెలా పత్రికలు వేస్తాయి, అందులో మచ్చురాత ఉంటుంది. ఎక్కడో కొండల్లో ఉన్న శిష్యుడు రాసి పోస్టులో పంపుతాడు. కాగితం గురువు చేతికి చేరుతుంది. సిరా ఎంత పీల్చిందో, వెనక్కి ఎంత దిగిందో, గీత వణికిన చోటేదో అన్నీ ఆ కాగితంలోనే ఉంటాయి. గురువు ఎర్రసిరాతో దాని మీదే దిద్ది తిప్పి పంపుతాడు. శిష్యుడు క్యూ అనే కింది స్థాయిల నుంచి దాన్ అనే పై స్థాయిలకు మెట్టుమెట్టుగా ఎక్కుతాడు, నేర్పే అర్హత దక్కేసరికి ఏళ్ళూపూళ్ళూ పడుతుంది. పోస్టుమాన్ చెయ్యగలిగింది ఇంటర్నెట్ చెయ్యలేదా? నిక్షేపంలా చెయ్యగలదు. శిష్యుడి చేతి మీదికి ఒక కెమెరా తిప్పి, కాగితం గురువుకు పంపించమంటే చాలు. అలా పదిమందికి మించకుండా పెట్టుకుని నేర్పేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకో నమస్కారం. వాళ్ళ వీడియోల్లో వేణువు ఉండదు.

మిగతావాళ్ళ క్లాసులో కెమెరాలు చూసే దిక్కే వేరు. గురువుగారి చెయ్యి పైనుంచి, పక్కనుంచి, స్లో మోషన్‌లో కనిపిస్తుంది. శిష్యుల కెమెరాలు మాత్రం శిష్యుల మొహాలనే చూస్తాయి. గురువుగారికి తెర మీద కనిపించేవి నలభై నుదుళ్ళు, రెండు సీలింగు ఫ్యాన్లు, ఒక పిల్లి. కుంచె నిటారుగా ఉందా, మోచెయ్యి బల్లకు ఆనిందా గాల్లో ఉందా, మణికట్టు బిగుసుకుపోయిందా, ఒక్కటీ కనపడదు. ఎదురుగా ఉంటే వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుని ఆ గీతను లాగించేవారే. అప్పుడు బరువు ఎంత వెయ్యాలో చేతికే తెలిసేది. తెర వెడల్పు చూపిస్తుంది, పొడవు చూపిస్తుంది, కుంచె మీద పడే బరువును మాత్రం చూపించదు. రాతకు ప్రాణం ఆ బరువులోనే. చివరికి అందరూ కాగితాలు మొహాల ముందు పట్టుకుంటారు. సగం కాగితాలు వెలుతురుకు తెల్లగా మెరుస్తాయి, మిగతా సగం అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. గురువుగారు అందరికీ కలిపి ‘అద్భుతం’ అంటారు. చాట్‌లో హృదయాలు కురుస్తాయి. సర్టిఫికెట్ ఈమెయిల్‌లో దిగుతుంది.

దూరం నుంచి కుంచె పట్టడంలో ఘనతంటారా, ఆ రికార్డు ఎప్పుడో మన దేశస్థుడే కొట్టేశాడు. 752లో నారాలోని తోదైజి మహాబుద్ధుడి కంచు విగ్రహానికి నేత్రోన్మీలనం చేసినవాడు బోధిసేనుడు, 736లో అక్కడికి చేరిన భారతీయ భిక్షువు. కనుపాపలు దిద్దేటప్పుడు ఆయన కుంచెకు పొడవాటి నీలి పట్టుతాళ్ళు కట్టారు. కింద నిలబడ్డ జనం ఆ తాళ్ళు పట్టుకుని పుణ్యంలో వాటా పుచ్చుకున్నారు. ఆ కుంచె, ఆ తాడు ఇప్పటికీ షోసోయిన్ భాండాగారంలో భద్రంగా ఉన్నాయి. అక్కడ కనీసం ఒక తాడుండేది, ఆయన చెయ్యి కదిలితే ఈ కొసకు తెలిసేది. పైగా తాడు పట్టుకున్న భక్తుల్లో ఎవరూ మర్నాడు ‘బుద్ధుడికి కళ్ళు దిద్దిన నిపుణుడు’ అని ప్రొఫైల్ మార్చుకోలేదు.

ప్రశాంతత అమ్ముకోవద్దని ఎవరూ అనరు. నల్లరంగులో గంటసేపు తీరిక అని ఉన్నదున్నట్టు రాసి పెడితే కొనేవాళ్ళు కొంటారు, నేనూ కొనొచ్చు. దానికి షోడో అని పేరు తగిలించినప్పుడే చిక్కు. నిజంగా దిద్దే గురువు దొరికాడనుకోండి, మొదటి నెల మీరు పంపే ప్రతి కాగితమూ ఎర్రబడి వెనక్కి వస్తుంది. రెండో నెల కూడా అంతే. అలాంటి క్లాసుకు కింద నక్షత్రాలు ఎన్ని పడతాయో ఊహించండి. డబ్బు కట్టి తిట్లు తింటున్నామని ఒకరు, జెన్ అసలు కనపడలేదని ఇంకొకరు. వ్యాపారికి ఈ లెక్క మనకంటే ముందే తెలుసు. అందుకే కిట్టులో కుంచె పెడతాడు, కాగితం పెడతాడు, వాసన కడ్డీలు కూడా పెడతాడు. ఫోన్‌ను మీ చేతి మీదికి వంచి నిలబెట్టే స్టాండు మాత్రం పెట్టడు. అది మన వీధి చివర మొబైల్ షాపులోనే దొరుకుతుంది.