అభ్యంతరాలు స్వీకరించబడును

(పిఠాపురంలో ఓ కల్యాణ మంటపం. వేదిక మీద బ్యానరు: 'పట్టణ కేంద్రం అభివృద్ధి మార్గదర్శకాలపై ప్రజాభిప్రాయ సేకరణ'. ముందు వరసలో సోఫాలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలు, గుమ్మం బయట చెప్పులు, చెప్పుల పక్కన పూలబుట్టతో పూలమ్మ. సభా, ప్లానూ, మనుషులూ కల్పితం. ఊరు, చట్టాలు నిజం.)

ఆఫీసరు: అందరికీ నమస్కారం. మన టౌను సెంటరు ఎలా ఉండాలో మీరే చెప్పాలి. ఇదిగోనండి ప్లాను.

(తెర మీద రంగురంగుల పటం. అక్షరాలన్నీ ఇంగ్లీషువే.)

మాజీ కౌన్సిలరు: అద్భుతం సార్! అందరూ చప్పట్లు కొట్టాలి!

మాస్టారు: ఉండవయ్యా, అదేంటో తెలిశాక కొడదాం. ఆఫీసరు గారూ, ఆ పసుపు రంగేంటండి?

ఆఫీసరు: నివాసాలండి. నీలం వ్యాపారం. ఎరుపేమో ఆఫీసులూ, బళ్ళూ, ఆస్పత్రులూ.

మాస్టారు: మా వీధిలో కింద కొట్టు, పైన కాపురం, డాబా మీద ట్యూషను. మాదే రంగండి?

ఆఫీసరు: అది మిక్స్‌డ్ అండి. కన్సల్టెంటు గారు హైదరాబాదులో ఉంటారు, ఆయన్ని కనుక్కుని చెప్తాను.

షావుకారు: రంగులు తర్వాత చూసుకోవచ్చండి. రోడ్డు మాటేంటి?

ఆఫీసరు: మెయిన్ రోడ్డు వెడల్పు చేస్తున్నామండి.

షావుకారు: ఆయ్! ఎన్నేళ్ళనుంచో మొత్తుకుంటున్నామండి. బళ్ళు ఆపడానికి చోటు లేక బేరాలు కాకినాడ పోతున్నాయి. ఏ వైపు తీస్తారండి?

ఆఫీసరు: రెండు వైపులా సమానంగా.

షావుకారు: అదేంటండీ! తాతలనాటి కొట్లు. ఊరి చరిత్ర మీద గునపం వేస్తారా?

మాజీ కౌన్సిలరు: షావుకారు గారి బాధలో న్యాయం ఉంది సార్. ఎదురు వైపే మొత్తం తీసేస్తే పోలేదా?

షావుకారు: ఎదురు వైపు మూడో కొట్టు మీ బావమరిదిదే కదండీ?

మాజీ కౌన్సిలరు: అవునా? అయితే ఉన్న రోడ్డే సరిపోతుంది సార్. మధ్యలో డివైడరు కాస్త సన్నగా పోయించండి.

బిల్డరు: నాకు రోడ్డుతో పేచీ లేదండి. ఎన్ని అంతస్తులకి పర్మిషనిస్తారో చెప్పండి చాలు.

ఆఫీసరు: అది రోడ్డు వెడల్పును బట్టి, సెట్‌బ్యాకును బట్టి ఉంటుంది. 2017 భవన నిర్మాణ నిబంధనలున్నాయి కదండీ.

బిల్డరు: ఉన్నాయండి. బీపీఎస్ అని అక్రమ కట్టడాల్ని క్రమబద్ధీకరించే స్కీము కూడా ఉందండి. 2007లో పెట్టారు, 2015లో మళ్ళీ పెట్టారు, 2019లో మళ్ళీ పెట్టారు. అడ్డదిడ్డంగా కట్టేసినవాళ్ళం అపరాధ రుసుం కట్టి కాగితం తెచ్చుకున్నాం. నా పక్కవాడు నియమం ప్రకారం చుట్టూ జాగా వదిలాడు. ఆ జాగాలో ఇప్పుడు మా అపార్టుమెంటువాళ్ళ స్కూటర్లు పెట్టుకుంటున్నారండి.

మాస్టారు: అంటే ఈ మార్గదర్శకాలు వచ్చినా నీకు దిగుల్లేదంటావు.

బిల్డరు: దిగులెందుకండీ? తొందరగా రమ్మనే నా కోరిక. అవొస్తేనే కదండీ, వాటిని దాటినందుకు స్కీమొచ్చేది.

ఆటో అబ్బాయి: సార్, సామర్లకోట–ఉప్పాడ రోడ్డు మీద రైలు గేటు మీ పటంలో ఎక్కడుందండి? చెన్నై–హౌరా లైను. ఒక బండి పోయిందనుకుంటే రెండోది వస్తుంది. ఉప్పాడ చీరలకని ఎక్కినాళ్ళు గేటు దగ్గరే దిగిపోయి డబ్బులు తగ్గించమంటారు.

ఆఫీసరు: గేటు మన హద్దులో లేదు బాబూ. ఈ ప్లాను టౌను సెంటరు వరకే.

ఆటో అబ్బాయి: గేటు పడితే ఆగిన బళ్ళు సెంటరుదాకా వస్తాయండి. వాటికి మీ హద్దు తెలీదు కదండీ!

మాస్టారు: 2024 సెప్టెంబరులో ఏలేరు వరద కూడా హద్దులు చూసుకుని రాలేదు. ఆ నీళ్ళు వచ్చిన దారి ఈ పటంలో ఉందాండి?

ఆఫీసరు: అది ఇరిగేషను వాళ్ళదండి. మనం పాజిటివ్‌గా మాట్లాడుకుందాం. అందరికీ అభిప్రాయ పత్రాలు ఇచ్చాం, నింపండి.

మాస్టారు: (కళ్ళజోడు సవరించుకుని) 'ప్రశ్న 1: కాలిబాట పలకలు ఏ రంగులో ఉండాలి? ఎరుపా, బూడిదా?' మరి కాలిబాట ఎటు పక్క రావాలని అడగలేదేం?

ఆఫీసరు: అది ఖరారైపోయిందండి.

మాస్టారు: దీపాల స్తంభాలు?

ఆఫీసరు: అవీ ఖరారేనండి.

మాస్టారు: టెండరు?

ఆఫీసరు: పిలిచేశామండి. పలకల రంగు మాత్రం పూర్తిగా మీ చేతుల్లోనే ఉంది.

మాజీ కౌన్సిలరు: చూశారా, ఎంత ప్రజాస్వామ్యమో!

పూలమ్మ: (గుమ్మంలోంచి) బాబుగారూ, నేనొకటి అడగొచ్చాండి?

మాజీ కౌన్సిలరు: నువ్వు కాసేపాగు పూలమ్మా. ముందు ప్రజల్ని మాట్లాడనీ.

మాస్టారు: అడుగమ్మా.

పూలమ్మ: పాదగయ గుడి దారిలో నేను కూర్చునే చోటు ఇందులో ఎక్కడుందండి?

ఆఫీసరు: (పటం మీద లేజరు లైటు తిప్పుతూ) ఇదిగోనమ్మా, ఆకుపచ్చగా కనిపిస్తోంది చూడు. మొక్కలు, సిమెంటు బెంచీలు వస్తాయి. చాలా అందంగా ఉంటుంది.

పూలమ్మ: నా బుట్టండీ?

ఆఫీసరు: పటంలో బుట్టలకి గుర్తు లేదమ్మా.

పూలమ్మ: స్వనిధి లోనిచ్చినప్పుడు కాగితాల్లో ఉన్నానండి. వాయిదా తప్పితే ఆ బెంచీల దగ్గరికే వెతుక్కుంటూ వస్తారు కదండీ.

మాస్టారు: ఆఫీసరు గారూ, 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ వెండింగ్ కమిటీ వేయాలి. అందులో 40 శాతానికి తగ్గకుండా వీధి వ్యాపారులుండాలి, వాళ్ళలో మూడో వంతు ఆడవాళ్ళుండాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. తరలించాలంటే 30 రోజుల నోటీసివ్వాలి. లెక్కప్రకారం ఈవిడ సోఫాలో ఉండాల్సిన మనిషి.

ఆఫీసరు: అది వేరే సెక్షను చూసుకుంటుందండి.

పూలమ్మ: లేపడానికొచ్చినప్పుడు అన్ని సెక్షన్లూ కలిసే వస్తాయండి.

మాస్టారు: సరే, రాసే ఇస్తాం. గడువెంత?

ఆఫీసరు: పేపర్లో వేశాం కదండీ. జిల్లా ఎడిషను, లోపలి పేజీ, టెండరు ప్రకటన కింద. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఆఖరు.

ఆటో అబ్బాయి: ఇప్పుడు నాలుగున్నరండి.

మాస్టారు: మన ఊరికిది అలవాటేలే. స్థలపురాణం మర్చిపోయారా? త్రిమూర్తులు గయాసురుణ్ణి అభిప్రాయం అడిగారు: 'యజ్ఞానికి నీ దేహం కావాలి, ఏడు రోజులు కదలకుండా ఉండు' అని. ఆయన సరేనన్నాడు. తల గయలో, పాదాలు ఇక్కడ. ఏడోరోజు తెల్లవారకముందే శివుడు కోడై కూశాడు. గడువు తీరిందనుకుని పాపం కదిలాడు. పని పూర్తయింది. ఆ కోడిని కుక్కుటేశ్వరుడని కొలుస్తున్నాం. అందుకే గడువుకి ముందు ఎవరు కూసినా ఇక్కడ ఎవరికీ ఆశ్చర్యం ఉండదు.

షావుకారు: దేవుడితో పోలికెందుకండీ మాస్టారూ!

మాస్టారు: నిజమే. గయాసురుణ్ణి పని మొదలుపెట్టకముందే అడిగారు. ఇంతకీ ఈ కాగితం ఎక్కడివ్వాలండి?

ఆఫీసరు: సంబంధిత కార్యాలయంలో.

మాస్టారు: అదేదండి? మున్సిపాలిటీ ఉంది. అభివృద్ధి సంస్థ అంటూ గుడా అన్నారు, కౌడా అన్నారు, 2024లో పాడా అన్నారు. తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నవాళ్ళం 2022 ఏప్రిల్ 4 నుంచి కాకినాడ జిల్లా అయ్యాం. ఊరు కదల్లేదు గానీ ఆఫీసు మారుతోంది.

ఆఫీసరు: ఏదో ఒకదాంట్లో ఇవ్వండి, వాళ్ళు పంపిస్తారు.

మాస్టారు: పక్క పల్లెలో అయితే గ్రామసభని రాజ్యాంగమే రాసిపెట్టింది. మన పట్నానికి ఆ భాగ్యం కూడా లేదు. 74వ సవరణ ప్రకారం వార్డు కమిటీలు తప్పనిసరి అయ్యేది మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న ఊళ్ళకే. మధ్యరకం ఊళ్ళకి ఇలాంటి మంటపాలే గతి. ఈ సభలో అన్నమాటలైనా ఎవరన్నా రాస్తున్నారా?

ఆఫీసరు: ఫొటోలు తీస్తున్నాం కదండీ.

మాస్టారు: సముద్రగుప్తుడు ఈ ఊరు గెలిచి, అప్పటి ఊరిపేరుతోనే 'పిష్టపురం మహేంద్రుడు' అని అలహాబాదు స్తంభం మీద చెక్కించాడు. రెండో పులకేశి గెలిస్తే ఐహోలు శాసనంలో రాయించారు. వాళ్ళెవరూ మనల్ని అడగలేదు. అయినా ఓడినవాడి ఊరుపేరు రాయిమీద నిలిపారు. మీరు పిలిచి మరీ అడిగి, కాగితం మీద ఒక్క ముక్క పెట్టరా?

ఆఫీసరు: (ఫైలు తెరిచి) ఎందుకు పెట్టం? మినిట్స్ ముందే టైపు చేయించామండి. 'హాజరైన ప్రజలు ప్రణాళికను హర్షధ్వానాలతో ఏకగ్రీవంగా ఆమోదించారు. అభ్యంతరాలు: లేవు.'

మాజీ కౌన్సిలరు: నేను చప్పట్లు కొట్టమన్నది అందుకే! టిఫిన్లు వచ్చేశాయి, పదండి.

(సోఫాలు ఖాళీ అయ్యాయి. మాస్టారు ఒక తెల్లకాగితం అడిగి తీసుకున్నారు. పూలమ్మ చెప్పిందంతా రాసి, చదివి వినిపించి, ఆమె చేత సంతకం పెట్టించారు. దాని నకలు మీద ఇన్‌వర్డు నంబరు వేసేదాకా ఆఫీసరుగారి బల్ల దగ్గరనుంచి కదల్లేదు.)

పాఠకులకు మనవి: మీ ఊళ్ళో ఇలాంటి బ్యానరు కడితే సోఫా కోసం వెతక్కండి. ప్రకటన వచ్చిన రోజే వెళ్ళి పటం తెలుగులో గోడకి పెట్టమనండి. మీ కొట్టు మెట్లు రోడ్డు మీదికి వచ్చి ఉంటే ఆ సంగతి ముందు మీరే ఒప్పుకోండి, అప్పుడు మీ మాటకి బలం వస్తుంది. అభ్యంతరం రాతలో ఇచ్చి రసీదు తీసుకోండి. దాన్నేం చేశారో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. టెండరు పిలిచాక పలకల రంగు అడగడాన్ని ప్రజాభిప్రాయ సేకరణ అనరు.