మచ్చు కాయలు, మూజువాణి ఓట్లు

గుంటూరు మిర్చి యార్డులో సరుకు రకం తేలేది టిక్కీలన్నీ, అంటే బస్తాలన్నీ, కుమ్మరించి చూసినందువల్ల కాదు. గోనె విప్పి పైనుంచి తీసిన గుప్పెడు కాయలను చూసే కొనేవాడు ధర పలుకుతాడు, ఆ గుప్పెడునే మచ్చు అంటారు. మచ్చులో నిగనిగలాడే తేజ రకం కాయలుండి అడుగున తాలు, అంటే రంగు చెడి తెల్లబారిన కాయ, బయటపడితే అమ్మినవాడి మాట ఆ సీజనులో మళ్లీ చెల్లదు. మిర్చి, పత్తి పండే ఇదే మైదానం నుంచి అయిదేళ్లకోసారి ఢిల్లీకి ఎగుమతయ్యే మరొక సరుకుకు మాత్రం ఈ నియమం వర్తించదు. పార్లమెంటులో రైతు పక్షాన రాజీలేని పోరాటం చేశారని ఫ్లెక్సీలపైన, కరపత్రాలలో, చరవాణి సందేశాలలో ప్రకటితమయ్యే సభ్యుడి విషయంలో మచ్చు చూసి ఓటు వేసినవారికి గోనె అడుగు తడిమే అవకాశం దాదాపుగా లేదు. ఆ అడుగును శాసనసభా పరిభాషలో ఓటింగు రికార్డు అంటారు. ఏ బిల్లు మీద ఏ సభ్యుడు అవుననెను, ఎవరు కాదనెను, ఎవరు ఆ వేళకు సభలో కనిపించకుండా పోయెను అనే లెక్క అది.

ఈ లెక్క ఎందుకు దొరకదో తెలియాలంటే మూజువాణి ఓటు అనే ఏర్పాటును కొంత వివరంగా పరిశీలించవలసి ఉంటుంది. సభాపతి తీర్మానాన్ని చదివి, అనుకూలురు అవుననండి, వ్యతిరేకులు కాదనండి అని అడిగి, చెవికి ఏ కేక పెద్దదిగా తోస్తే ఆ పక్షం గెలిచిందని ప్రకటించడమే మూజువాణి. సభ్యులు ఒప్పుకోకపోతే డివిజన్ కోరవచ్చు, అప్పుడు మీటలు నొక్కగా పేర్లు నమోదవుతాయి. అయితే కోరిక అనవసరమైనదని సభాపతికి తోచినచో సభ్యులను లేచి నిలబడమని తలలు లెక్కించి ముగించవచ్చునని లోక్‌సభ నియమావళే అనుమతిస్తోంది, ఆ పద్ధతిలో తలలే తప్ప పేర్లు నమోదు కావు. అమెరికా రాజ్యాంగం సభకు హాజరైనవారిలో అయిదో వంతు కోరితే చాలు పేర్లవారీ ఓటు రాసితీరాలని నిర్దేశిస్తుంది, బ్రిటన్ దిగువ సభ డివిజన్ జాబితాలను 1836 నుంచి అచ్చువేస్తోంది. భారతదేశంలో పార్లమెంటు సభ్యుల పనితీరును లెక్కగట్టే పట్టికలలో హాజరు శాతం, అడిగిన ప్రశ్నలు, పాల్గొన్న చర్చలు ఉంటాయి గాని ఓటు గడి ఉండదు. పత్తి పింజ పొడవు కొలవకుండా, బోరెం కుట్టు చూసి గ్రేడు వేయడం వంటిదే ఇదీ.

ఈ మైదానపు చరిత్రలోనే అత్యంత కీలకమైన ఓటు కూడా ఇలాగే జరిగింది. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో మూజువాణితో గట్టెక్కింది, ఆ సమయంలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది, సీమాంధ్ర సభ్యులలో పలువురు అప్పటికే సస్పెండై వెలుపల ఉన్నారు. వారు వెలుపల ఉండటానికి కారణం అయిదు రోజుల ముందు, ఫిబ్రవరి 13న, జరిగిన రభస. విజయవాడ సభ్యుడు లగడపాటి రాజగోపాల్ సభలో పెప్పర్ స్ప్రే చల్లింది ఆనాడే. పేరులో మిరియం ఉన్నా ఆ ద్రావకంలో మండేది మిరియం కాదు, మిరపకాయలోని క్యాప్సైసిన్ అనే పదార్థం. లోక్‌సభలో మిరప ప్రభావం సభ్యులందరి కళ్లకూ, పార్టీ భేదం లేకుండా, తెలిసివచ్చిన ఏకైక సందర్భం అదేనని చెప్పవచ్చు. దురదృష్టవశాత్తు అది ధర గురించి కాదు.

పేర్లు నమోదైన చోట కూడా ఆ ఓటు ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. 1985లో 52వ సవరణ ద్వారా రాజ్యాంగానికి చేర్చిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ ఆదేశానికి విరుద్ధంగా ఓటు వేసినా, అనుమతి లేకుండా గైర్హాజరైనా సభ్యత్వం పోయే ప్రమాదం ఉంది. ఆ ఆదేశాన్ని విప్ అంటారు, వేటకుక్కలు మందనుంచి చెదరకుండా కొరడాతో అదిలించే మనిషి పేరునుంచి వచ్చిన మాట అది, ఇంతకంటె నిజాయితీగల పదం పార్లమెంటరీ పరిభాషలో మరొకటి లేదు. కనుక ఓటు వేసేది సభ్యుడు కాదు, ఆయన మెడలోని కండువా. ఒంగోలు నుంచి మాగుంట శ్రీనివాసులురెడ్డి 1998, 2004, 2009లలో కాంగ్రెస్ తరఫున, 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున, 2024లో తెలుగుదేశం తరఫున గెలిచారు. నరసరావుపేట నుంచి లావు శ్రీకృష్ణదేవరాయలు 2019లో వైఎస్సార్ కాంగ్రెస్ వారు, 2024లో తెలుగుదేశం వారు. మారినది కండువా రంగే కనుక వారి ఓట్లను ఒకే వరుసలో పేర్చి ఆ మనిషి ఆలోచన ఇదని పరిశోధకుడు తేల్చబూనడం, మూడు కంపెనీల విత్తనాలు కలిపి చల్లిన చేలో దిగుబడి ఏ విత్తనానిదో చెప్పబూనినట్లే అవుతుంది. సభ్యులకు మాత్రం ఇది సౌకర్యమైన సంగతి: వేసిన ఓటు పార్టీది, చేసిన పోరాటం సొంతానిది.

ఈ శ్రమవిభజన సంపూర్ణ వికాసం పొందింది 2020లో. ఆ ఏడు సెప్టెంబరులో కేంద్రం తెచ్చిన వ్యవసాయ బిల్లులలో ఒకటి మార్కెట్ యార్డు వెలుపల, సెస్సు లేకుండా, ఎక్కడైనా పంట కొనుక్కోవచ్చునన్నది. మిర్చి యార్డు చుట్టూ తిరిగే గుంటూరు ఆర్థిక జీవనానికి ఇది నేరుగా తగిలే విషయమే, దానిమీద అటూ ఇటూ బలమైన వాదనలూ ఉన్నాయి: యార్డులో కమీషన్ వ్యాపారి చేతిలో నలిగిన రైతుకు మరో కొనుగోలుదారు దొరకడం మేలని ఒకటి, యార్డే బలహీనపడితే బయట ధర నిలబెట్టేది ఎవరని మరొకటి. నరసరావుపేట, బాపట్ల, ఒంగోలు స్థానాలు మూడూ అప్పట్లో వైఎస్సార్ కాంగ్రెస్ చేతిలో ఉండగా, ఆ పార్టీ బిల్లులను సమర్థించింది. సెప్టెంబరు 20న రాజ్యసభలో ప్రతిపక్షం డివిజన్ కోరి కేకలు వేస్తుండగానే వాటిలో రెండు మూజువాణితో నెగ్గాయి. డిసెంబరు నాటికి పంజాబు, హర్యానా రైతులు ఢిల్లీ సరిహద్దులలో బైఠాయించారు, డిసెంబరు 8న భారత్ బంద్ జరిగింది. పార్లమెంటులో ఆ బిల్లులను సమర్థించిన పార్టీయే నడుపుతున్న రాష్ట్ర ప్రభుత్వం బంద్‌కు సంఘీభావం ప్రకటించి, మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆర్టీసీ బస్సులను ఆపి, కార్యాలయాలను ఆ తరువాతనే తెరవమన్నది.

ఈ ఒంటిగంట అనే హద్దులోని సూక్ష్మతను రాజనీతి శాస్త్రవేత్తలు ఇంకా గుర్తించినట్లు లేదు. పూర్తి రోజు బంద్ పాటిస్తే సెప్టెంబరు ఓటు తప్పని ఒప్పుకున్నట్లు, అసలే పాటించకపోతే రైతు మీద ప్రేమ లేనట్లు. పూట బంద్ పాటిస్తే ఉదయం రైతుకు, మధ్యాహ్నం కేంద్రానికి, రెంటికీ న్యాయం జరుగుతుంది. ఎండు మిర్చిని ఒక పక్క ఎండాక రెండో పక్కకు తిరగేసే కల్లపు పని తెలిసినవారికి ఇందులో వింతేమీ కనిపించదు. మరుసటి సంవత్సరం నవంబరు 29న అవే చట్టాలను రద్దుచేసే బిల్లు రెండు సభలలోనూ ఒకే రోజున, చర్చ లేకుండా, మళ్లీ మూజువాణితోనే నెగ్గింది. చట్టం వచ్చినప్పుడు ఎవరేమన్నారో, పోయినప్పుడు ఎవరేమన్నారో పేరువారీగా చెప్పే కాగితం లేదు. బంద్ నాటి ప్రకటనలు మాత్రం పదిలంగా ఉన్నాయి.

ఇది ఒక పార్టీ సొంత విద్య అనుకుంటే మిగిలినవారికి అన్యాయం చేసినట్లవుతుంది. 2018లో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోరే ఉద్యమం వేడెక్కినప్పుడు కేంద్రంపై అవిశ్వాసానికి మార్చిలో తొలి నోటీసు ఇచ్చినది ఒంగోలు సభ్యుడు వై.వి. సుబ్బారెడ్డి. ఏప్రిల్ 6న ఆయనతో సహా వైఎస్సార్ కాంగ్రెస్ సభ్యులు అయిదుగురు రాజీనామా చేశారు, జూన్‌లో అవి ఆమోదం పొందాయి, అప్పటికి సభ గడువు ఏడాదికన్న తక్కువే మిగలడంతో ఉపఎన్నిక అవసరం లేకుండా పోయింది. జూలై 20న అవిశ్వాసం నిజంగానే చర్చకు వచ్చి, గుంటూరు సభ్యుడు గల్లా జయదేవ్ తెలుగుదేశం తరఫున చర్చ ప్రారంభించి, 126కు 325 ఓట్లతో తీర్మానం వీగిపోయిన వేళకు, మొదట నోటీసు ఇచ్చిన చేతికి నొక్కడానికి మీటే లేదు. విత్తినవాడు కోతకు ముందే పొలం వదిలి, ఆ వదలడాన్నే దిగుబడిగా చూపిన ఉదంతం ఇది. తీర్మానం పెట్టిన తెలుగుదేశమో, అంతకు నాలుగు నెలల ముందువరకు ఏ ప్రభుత్వాన్ని దించాలన్నదో ఆ ప్రభుత్వంలోనే భాగస్వామి.

ఆ మార్చి నెలలోనే మరొక పని నిశ్శబ్దంగా, అంటే విపరీతమైన గోల మధ్య, జరిగిపోయింది. ప్లకార్డులు పట్టి సభ మధ్యకు వచ్చి ఆంధ్ర సభ్యులూ తదితరులూ నినాదాలిస్తున్న రోజులలో, మార్చి 14న, 2018 ఆర్థిక బిల్లు లోక్‌సభలో చర్చ లేకుండానే ఆమోదం పొందింది. పార్లమెంటు సభ్యుల జీతాన్ని నెలకు లక్ష రూపాయలు చేసి, ఇకపై ద్రవ్యోల్బణ సూచికను బట్టి అయిదేళ్లకోసారి దానంతటదే పెరిగే ఏర్పాటు అందులోనే ఉంది. జీతం కోసం ఎవరూ చేయి ఎత్తవలసిన పని తప్పింది. ఆ సూచిక ప్రకారమే 2025 మార్చిలో జీతం 1.24 లక్షలయింది, అదీ 2023 ఏప్రిల్ నుంచి బకాయితో.

సరిగ్గా అదే సీజనులో, అంతకు రెండేళ్ల ముందు క్వింటాలు 20 వేలు దాటిన మిర్చి దాదాపు సగానికి పడింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటలలో మిర్చి లేదు కనుక మార్కెట్ జోక్యం పథకాన్ని వెతికి తీశారు. మద్దతు ధర లేని పంట రేటు కుప్పకూలినప్పుడు నష్టాన్ని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరించే ఏర్పాటు అది. 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల చొప్పున 2.58 లక్షల టన్నులకు అనుమతి వచ్చింది. ఇటువంటి ఉత్తర్వు వెలువడిన ప్రతిసారీ ధన్యవాద సందేశాలు, శాలువాలు, మంత్రికి వినతిపత్రం ఇస్తున్న ఫొటోలు పార్టీలవారీగా విడుదలవుతాయి. వినతిపత్రం ఫొటోలో ఇచ్చేవాడి ముఖం, పుచ్చుకునేవాడి ముఖం స్పష్టంగా ఉండి, కాగితంలోని అక్షరం ఒక్కటీ కనిపించకపోవడం ఆ కళకున్న ప్రధాన లక్షణం. జీతానికి సూచిక ఉండగా మిరపకు ఎందుకు లేదన్నది ఓటుకు పెట్టదగిన ప్రశ్నే. అది ఓటుకు రాలేదు.

పత్తి సంగతి ఇంకా తేలికగా ముగిసింది. విదేశీ పత్తిపై ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని 2025 ఆగస్టు 19 నుంచి సెప్టెంబరు 30 వరకు ఎత్తివేసి, గడువు తీరకముందే డిసెంబరు 31 దాకా పొడిగించారు. పల్నాడు చేలలో పత్తి తీతలు సాగి, విడి పత్తి జిన్నింగ్ మిల్లులకు తరలే నెలలు సరిగ్గా అవే. పొడుగు పింజ పత్తికి ఆ ఏడు మద్దతు ధర 8,110 రూపాయలని ప్రకటించినదీ కేంద్రం చేయే గనుక, సుంకం ఎత్తివేతను ఆ చేతికి తెలియకుండా జరిగిన పనిగా భావించనక్కరలేదు. దీనికి బిల్లు అక్కరలేదు, మూజువాణి కూడా అక్కరలేదు. కస్టమ్స్ చట్టం కింద ఆర్థిక శాఖ ఒక నోటిఫికేషన్ ఇస్తే చాలు, తరువాత దానిని సభ ముందు ఉంచుతారు. ఉంచడం అంటే ప్రతిని బల్ల మీద పెట్టడం. ఆ ఏడు గుంటూరు, నరసరావుపేట, బాపట్ల, ఒంగోలు స్థానాలు నాలుగూ ఆ ప్రభుత్వాన్ని నిలబెట్టిన కూటమివే, వాటిలో ఒకటి కేంద్ర సహాయమంత్రిది.