నాలుగు చాలు, ఆరు వేయించు

మా బాబాయి ఎవరింటికి చుట్టపుచూపుగా వెళ్లినా ముందు డాబా మెట్లెక్కుతాడు. కరెంటాఫీసులో రిటైరైన మనిషి. జేబులో టెస్టరు, చేతిసంచీలో క్లాంపు మీటరు. మీ వీధిలోనూ ఒకరుంటారు, పోల్చుకోండి. పైన సోలారు ప్యానెళ్లు ధగధగా మెరుస్తుంటే వాటివైపు కన్నెత్తి చూడడు. మోకాళ్లమీద వంగి, వాటి కింద వేలాడే కేబులు మీద అచ్చేసిన అక్షరాలు చదువుకుంటాడు. కింద విస్తట్లో పులిహోర చల్లారిపోతూ ఉంటుంది.

"ప్యానెళ్లు ఎవడైనా మంచివే కొంటాడ్రా, పదిమందికీ కనిపిస్తాయి గనక. కొన్నవాడి బుద్ధి వైరు దగ్గర బయటపడుతుంది" అంటాడు.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చి, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ అన్న దగ్గర్నుంచీ ఆయనకి క్షణం తీరిక లేదు. పిలిచినవాళ్లకంటే పిలవనివాళ్ల డాబాలే ఎక్కువ తనిఖీ చేశాడు.

మా వంతూ వచ్చింది. బిగించడానికొచ్చిన కుర్రాడు "ఫోర్ స్క్వేర్ కేబులు వేస్తున్నాం సార్" అన్నాడు, అంటే నాలుగు చదరపు మిల్లీమీటర్ల మందం రాగి. బాబాయి ఓ శుభలేఖ తిరగేసి లెక్క మొదలెట్టాడు. ప్యానెళ్ల నుంచి ఇన్వర్టరు దాకా 20 మీటర్లు. "పోను ఇరవై, రాను ఇరవై. రాను మర్చిపోయేవాళ్లే సగంమంది!" రాగికి 0.0172తో హెచ్చవేసి, నాలుగుతో భాగించి, 13 ఆంపియర్లతో గుణిస్తే డ్రాపు 2.24 వోల్టులు. ఆరు ప్యానెళ్ల వరుస ఇచ్చేది సుమారు 246 వోల్టులు. ఒక శాతం కూడా పోవడంలేదు.

"భేష్. నాలుగు చాలు."

కుర్రాడు కటింగ్ ప్లేయరు అందుకున్నాడు.

"ఆగు. ఎండ సంగతో? రోహిణీ కార్తెలో రెంటచింతలలో డాబామీద అరనిమిషం చెయ్యి ఆనించగలవా? వైరు మాత్రం ఏం పాపం చేసింది?" మళ్లీ కలం తీశాడు. 60 డిగ్రీల వేడిగాలిలో కూడా ఆ కేబులు 55 ఆంపియర్లు మోస్తుంది. పైపులో వైర్లు కలిసి పోతాయి కదా అని దాన్ని సగానికి కోశాడు, 27 మిగిలింది. ప్యానెలు షార్ట్ సర్క్యూట్ కరెంటు 14. దానిమీద పావువంతు కలిపితే 17.5. ఎటు తిప్పినా నాలుగే నెగ్గింది. బాబాయి కలం మూతపెట్టి తృప్తిగా నవ్వాడు.

"ఆరు వేయించు."

"లెక్కలో నాలుగే వచ్చింది గదా సార్?"

"లెక్క కాగితానికి. ఆరు నా నిద్రకి."

ఆయన నిద్ర ఖర్చు నా బిల్లులో చేరింది.

అక్కడితో వదిలాడా? కనెక్టర్లు ఒక్కొక్కటీ లాగి చూశాడు. ఒక కంపెనీ కనెక్టరుకి ఇంకో కంపెనీది తగిలిస్తే, జాతకాలు కుదరని సంబంధం తెచ్చిన పేరయ్యని చూసినట్టు కుర్రాణ్ణి చూశాడు. పట్టు కుదరక వేడెక్కుతాయట. తెల్ల నైలాను టైలు ఎండకి పెళుసెక్కి తెగిపోతాయని అన్నీ కోయించి నల్లవి వేయించాడు. కుర్రాడు నాకేసి జాలిగా చూశాడు. నేను ఆకాశంకేసి చూశాను.

కానీ తిట్టడానికీ మనసొప్పదు. దగ్గరి చుట్టాలింట్లో పెళ్లికి వెళ్లి, అలవాటుగా డాబా ఎక్కి, ఒక కనెక్టరు కొద్దిగా కమిలి ఉండటం పట్టుకున్నాడు. కంపెనీవాళ్లొచ్చి మార్చి వెళ్లారు. గొప్పలు పోతాడనుకున్నాం. కిక్కురుమనకుండా ఇంకో రెండు బొబ్బట్లు అడిగి వేయించుకున్నాడు. ఈమధ్య నేనూ ఎక్కడికెళ్లినా వైర్లమీద అక్షరాలు చదువుతున్నానని మా ఆవిడ కనిపెట్టింది.

ఇంతమంది డాబాలు చక్కబెట్టిన బాబాయి ఇంటిమీద ఇంతవరకూ ఒక్క ప్యానెలు లేదు. ఇన్వర్టరు మెట్లకింద పెడితే డీసీ వైరు పొడుగవుతుంది, పైన గదిలో పెడితే ఏసీ వైరు పొడుగవుతుంది. ఎటు తక్కువ నష్టమో ఇంకా తేలలేదు. కరెంటు బిల్లు వచ్చినప్పుడల్లా పిన్ని ఒకటే మాట అంటుంది:

"ఈయన లెక్క తేలేలోపు సూర్యుడే రిటైరవుతాడురా!"