సిమ్యులేటర్ అప్పుడే తెరవకండి

ఎంటెక్‌లోనో ఎంఎస్‌లోనో కంప్యూటర్ ఆర్కిటెక్చర్ తీసుకున్నారా? మొదటి వారమే జెమ్‌ఫైవ్ సిమ్యులేటర్ ఇన్‌స్టాల్ చేసుకోమని సీనియర్లు చెప్తారు. నా మాట విని, ఓ నెల దాని జోలికి పోకండి. తెల్లకాగితం, పెన్సిలు, రబ్బరు చాలు.

పదిసార్లు తిరిగే లూప్ ఒకటి రాసుకుని, దాని చివరున్న బ్రాంచ్‌కి మీరే ప్రెడిక్టర్‌గా కూర్చోండి. తొమ్మిదిసార్లు వెనక్కి వెళ్తుంది, పదోసారి బయటపడుతుంది. కిందటిసారి ఏం జరిగిందో ఒక్క బిట్‌లో గుర్తుపెట్టుకున్నారనుకోండి. లూప్ మొత్తం నడిచిన ప్రతిసారీ రెండు తప్పులు: బయటపడేటప్పుడొకటి, మళ్లీ లోపలికొచ్చాక మొదటి తిరుగుడులో ఇంకొకటి. రెండు బిట్ల కౌంటర్ పెట్టి మళ్లీ ఊహించండి, తప్పు ఒక్కటే. ఎందుకు తగ్గిందో చేత్తో రాస్తుంటేనే తెలిసిపోతుంది. సిమ్యులేటర్ ఓ శాతం చూపించి ఊరుకుంటుంది.

కొత్త పేపర్లు కూడా కాస్త ఆగనివ్వండి. 1967లో ఐబీఎం ఇంజనీర్ టొమసులో రాసిన పేపర్ ముందు చదవండి. ఐబీఎం 360లో ప్రోగ్రామర్‌కి కనిపించే ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లు నాలుగే. మోడల్ 91లో ఆ నాలుగింటితోనే ఇన్‌స్ట్రక్షన్లు ఒకదానికొకటి అడ్డుపడకుండా నడపాల్సొచ్చింది. రిజిస్టర్ రీనేమింగ్ ఆ ఇరుకులోంచి వచ్చిందే, ఇవాళ మీ లాప్‌టాప్‌లోనూ ఉంది.

గెలిచిన ప్రాసెసర్ల కంటే ముందు ఇంటెల్ ఇటానియంని చదవండి. ఏ ఇన్‌స్ట్రక్షన్ పక్కన ఏది నడవాలో కంపైలరే ముందుగా సర్దుతుందని నమ్మి 2001లో తెచ్చారు. కానీ ఒక లోడ్ క్యాష్‌లో దొరుకుతుందో, మెమరీ దాకా వెళ్లి వందల సైకిళ్లు తింటుందో కంపైలర్‌కేం తెలుసు? ఇది బుర్రకెక్కితే, నడుస్తున్నప్పుడే వరుస మార్చుకునే అవుట్ ఆఫ్ ఆర్డర్ పద్ధతి ఎందుకు నిలిచిందో ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది ఇది. ఫలితం బాగా వస్తే సంతోషించకండి, అనుమానించండి. ప్రోగ్రాం సమయంలో 20 శాతం తినే భాగాన్ని పూర్తిగా మాయం చేసినా మొత్తం వేగం 1.25 రెట్లే, ఆమ్‌డాల్ లెక్క అంతకు మించనివ్వదు. మీ గ్రాఫ్‌లో 1.4 కనిపిస్తే గైడ్‌కి మెయిల్ పెట్టకముందే కోడ్‌లో తప్పు వెతకండి. ప్రతి రన్‌కీ ముందు రావాల్సిన అంకె నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకోండి. వచ్చినది దానికి దూరంగా ఉంటే, కారణం దొరికేదాకా రెండో రన్ వద్దు. రిపోర్ట్ ఆలస్యమై మార్కులు పోయినా సరే.