తిరుత్తణి ఎండకు స్టాక్‌హోమ్ తెర

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ఆంధ్రలోని చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అందుకోసం మా.పొ.శివజ్ఞానం లాంటి తమిళ నాయకులు జైలుకెళ్ళారు, రెండు రాష్ట్రాల మధ్య పటాస్కర్ పెద్దమనిషిగా కూర్చుని పంచాయితీ తీర్చాడు. ఇప్పుడంత శ్రమ లేదు. తిరుత్తణిలోనో తిరువళ్ళూరులోనో కర్టెన్ల అంగడికి పోయి కేటలాగు తిరగేస్తే చాలు. హాలు స్వీడన్‌లో కలుస్తుంది, పడగ్గది విక్టోరియా రాణి ఏలుబడిలోకి పోతుంది, పూజగది మొరాకోకు దఖలు పడుతుంది. ఉద్యమం అక్కర్లేదు, అడ్వాన్సు కడితే సరి.

"ఇంటి స్టైలుకు తగ్గట్టు తీసుకోవాలి సార్" అంటాడు అంగడాయన. నిజమే. ఇంతకీ ఇంటి స్టైలేమిటి? తిరుపతి రోడ్డు పక్క లేఅవుట్లో ముప్పై బై నలభై స్థలం, గట్టు నుంచి గట్టుకు లేపిన మేడ. గుమ్మానికి మామిడాకులు, గేటుకు పటిక, పైన నాలుక చాపిన దిష్టిబొమ్మ. కిటికీ తీస్తే రెండడుగుల్లో పక్కింటివాళ్ళ పూత పూయని గోడ. ఆ కిటికీకి మూడు వరసల తెర: ముందు పల్చటిది, దాని వెనక పూలది, ఆ వెనక బ్లాకౌట్. పట్టపగలే లైటు వేసుకునే గదికి మళ్ళీ బ్లాకౌట్! గృహప్రవేశానికి వచ్చిన పెద్దమ్మ అడగనే అడిగింది: "ఏమ్మా, ఈ తెర ఎనకాల ఏముండాది?" "గోడుండాది పెద్దమ్మా." "గోడకేల సిగ్గు?" అని ఆవిడ పాయసం గిన్నె అందుకుంది.

స్వీడన్ వాళ్ళు తెల్లటి పల్చని తెరలు కట్టుకోవడానికి కారణముంది. డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గూకుతుంది. దొరికిన కాసింత వెలుగునూ లోపలికి పిలుచుకోవాలి. తిరుత్తణి సంగతి వేరు. కత్తిరి ఎండల్లో తమిళనాడు ఉష్ణోగ్రతల పట్టిక తీస్తే ఈ ఊరి పేరు పై వరసల్లోనే ఉంటుంది. నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ వార్త కాదు. సూర్యుణ్ణి బతిమాలుకునే గుడ్డ తెచ్చి సూర్యుడికే అడ్డం కట్టిన ఘనత మనది.

ఇక వెల్వెట్. కిటికీ సందుల్లోంచి దూరే చలిగాలిని ఆపడానికి ఇంగ్లండు వాళ్ళు దాన్ని వేలాడదీశారు. మన హాల్లో అది లారీల దుమ్మును ఆపుతుంది, దాచుకుంటుంది, ఫ్యాను వేసినప్పుడల్లా వడ్డీతో తిరిగిస్తుంది. ఉతకాలంటే ఇంట్లో కుదరదు. ఉతకకపోతే ఇంట్లో ఉండలేం.

రాడ్డు దగ్గర మన కళాపోషణ శిఖరానికి చేరుతుంది. చివరన కిరీటంలాంటి ఇత్తడి రంగు బొడిపె ఉండాలి. దాన్ని మోసే బ్రాకెట్టు మాత్రం ఎవరికీ పట్టదు. బ్రాకెట్టు కనపడదు, బొడిపె కనపడుతుంది, అందుకే డబ్బంతా బొడిపెకు. ఆరడుగుల కిటికీకి మధ్యలో మూడో బ్రాకెట్టు కావాలంటే "లుక్కు పోతుంది" అంటారు. ఆర్నెల్లకు రాడ్డు నడుము వంగుతుంది. పిల్లాడు ఓసారి పట్టుకు వేలాడితే ప్లగ్గుతో సహా కిందికొస్తుంది. తెర కుచ్చిళ్ళు నిలవాలంటే గుడ్డ కిటికీ వెడల్పుకు కనీసం రెండింతలుండాలి. కిరీటానికే చేతి డబ్బు అయిపోయింది కనుక గుడ్డ దగ్గర లెక్క మొదలవుతుంది. తెర మూస్తే ఆరేసిన పంచెలా నిలుస్తుంది.

పాతకాలపు ఇళ్ళకు కేటలాగు లేదు, బుద్ధి ఉండేది. కిటికీ మీద సజ్జ, ముంగిట వేపచెట్టు, పడమట వెదురు తడిక, స్తోమత ఉంటే నీళ్ళు చల్లిన వట్టివేళ్ళ తట్టి. అన్నీ బయటే. ఎండను బయటే ఆపాలి. అద్దం దాటాక లోపల ఎంత ఖరీదైన గుడ్డ కట్టినా వేడి అప్పటికే గదిలో చాప పరుచుకుంటుంది. మనం సజ్జను ఎలివేషన్ కోసం కొట్టేయించాం, వేపచెట్టును కారు షెడ్డు కోసం నరికించాం. ఆ మీదట లోపల తెర కట్టి ఏసీ బిల్లును తిట్టుకుంటున్నాం.

అన్నిటికంటే పెద్ద వినోదం ఇంకొకటుంది. ఇదే తిరువళ్ళూరు జిల్లాలోని పులికాట్‌లో డచ్చివాళ్ళు 1613లో గెల్డ్రియా కోట కట్టుకున్నది ఈ తీరపు గుడ్డల కోసమే. కోరమాండల్ అద్దకాలు యూరపు పడకగదుల్లో మంచం తెరలయ్యాయి. ఆ మోజు తట్టుకోలేక ఇంగ్లండు 1721లో చట్టం చేసి, అద్దకపు నూలుగుడ్డలు ఒంటి మీదే కాదు, ఇంటి సామాను మీద కూడా కనపడకూడదంది. లండన్ నటుడు డేవిడ్ గారిక్ ఇంటి మంచం తెరల్ని కస్టమ్స్ వాళ్ళు పట్టుకుపోయారు కూడా. అవిప్పుడు విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాళ్ళు చట్టం చేసి ఆపాల్సి వచ్చిన గుడ్డను మనం ఏ చట్టమూ లేకుండానే మానేశాం. పొదటూరుపేటలో మరమగ్గాలు, గట్టు దాటితే నగరి, పుత్తూరు మగ్గాలు, కాళహస్తిలో కలంకారీ. ఇంత మంది పనివాళ్ళ మధ్య కూర్చుని కలంకారీ బొమ్మ అచ్చేసిన పాలిస్టర్‌ను "ఎత్నిక్ కలెక్షన్" అని కొనుక్కుంటున్నాం.

కనుక కొత్త ఇంటి యజమానులారా, కేటలాగు మూసి ఓ మధ్యాహ్నం రెండింటికి మీ కిటికీ దగ్గర నిలబడండి. ఎండ పడితే ముందు బయట సజ్జో తడికో చూడండి. చూపు పడితే ఉతుక్కోగలిగే నూలుగుడ్డ చాలు. రెండూ పడకపోతే ఆ డబ్బు మిగుల్చుకోండి. ఏది కట్టినా బ్రాకెట్టు గట్టిది కొనండి. మీ ఇంటి స్టైలును నిర్ణయించేది స్వీడన్ కాదు, తిరుత్తణి ఎండ.