బ్రేకు ప్రబంధము

శ్రీనగరమున బయలుదేరి కన్యాకుమారి వరకు పోవు 44వ నంబరు జాతీయ రహదారి మీద, హైదరాబాదునకు ఉత్తరదిక్కున, కొంపల్లి దాటి కండ్లకోయ మీదుగా మేడ్చల్ చేరులోపలను, దానికి తూర్పుగా కరీంనగర్ పోవు రాజీవ్ రహదారి మీద తూంకుంట మొదలు శామీర్‌పేట చెరువుకట్ట వరకును, ఇరుప్రక్కల వెలసియున్న కారు గ్యారేజీలలో నిత్యము వెలువడుచున్న బిల్లులను ఒక్కమారైనను చదివియుండినచో, తెలుగున సాహిత్యము క్షీణించినదని వాపోవు విమర్శకులు అట్టి మాట అనియుండరు. ప్రబంధయుగము రాయలతో ముగియలేదు. అది రేకుల షెడ్డులలోనికిని అద్దాల షోరూములలోనికిని తరలిపోయి, అచ్చట జాబ్ కార్డు అను అవతారికతో ఆరంభమై జీఎస్టీ అను ఫలశ్రుతితో సమాప్తమగుచున్నది.

ఈ ప్రబంధములలో పెక్కు రకములు కలవు. ఏసీ బిల్లు శృంగారప్రధానము. అందు విరహతాపమును శీతలోపచారములును వర్ణింపబడును. డెంటింగు పెయింటింగు బిల్లు కరుణరసాత్మకము. ఇన్సూరెన్సువారు తప్ప దానిని తుదివరకు చదువువారు లేరు. కాని బ్రేకు బిల్లున అంగిరసము భయానకము. మేడ్చల్ అంగడిలో రెండు కట్టల పాలకూర కొని మూడవ కట్ట కొసరుగా వేయలేదని కూరలమ్మితో అర్ధగంట వాదింపగల గృహస్థుడు, 'బ్రేకు సార్, సేఫ్టీ ఇష్యూ' అను మాట చెవిని బడినంతనే నోరు మెదపడు. 'ఔటర్ ఎక్కుతరా సార్?' అని సర్వీస్ అడ్వైజరు మెల్లగా నడుగును. మేడ్చల్ వద్ద ఎక్కి శామీర్‌పేట వద్ద దిగినను ఔటర్ ఔటరే. గంటకు 120 కిలోమీటర్ల వేగము వరకు అచ్చట అనుమతి కలదు. ఎక్కుదునని ఒప్పుకొనగానే రెండవ ప్రశ్న వచ్చును: 'ఫ్యామిలీ తోని పోతరు గద సార్?' ఈ రెండవ ప్రశ్నకు ఔనన్న మానవుడు ఇక ధర యడుగుటకు అర్హుడు కాడు. అడిగెనా, భార్యాబిడ్డల ప్రాణములకు వెలకట్టిన పాతకి యగును. ప్యాడ్లును ఆయిలును నెపమాత్రములు. గ్యారేజీవారు నిజముగా విక్రయించునది ఈ భయము. దానికి ఎమ్మార్పీ లేదు.

మా కాలనీలో విశ్రాంత తెలుగు పండితులొకరు కలరు. ఆయన చిన్న కారులో స్పీడు ముల్లు ప్రక్కన ఎర్రదీపమొకటి వెలిగెను. సాధారణముగా ఆ దీపమునకు అర్థములు కొన్నియే: చేతిబ్రేకు పూర్తిగా దింపకుండుట, బ్రేకు ఆయిలు మట్టము తగ్గుట, ఎక్కడనో గొట్టము కారుట. ప్యాడ్లు అరిగిన కొలది వానిని నెట్టు పిస్టను ముందునకు జరుగును. దాని వెనుక ఏర్పడిన చోటు నింపుటకు ఆయిలు దిగును. డబ్బాలో తేలుచుండు బిళ్ల క్రిందికి జారి దీపము వెలిగించును. ఇంతకు మించిన మర్మము అందు లేదు. అడ్వైజరు బానెట్టు ఎత్తి, డబ్బావంక చూచి, 'చిన్న పనే సార్, రెండు వేలు దాటది' అని ఆశువుగా ఎస్టిమేటు చెప్పెను. ఆశుకవిత్వమునకు వ్రాతప్రతి ఉండదను సంగతి పండితులవారికి తెలియనిది కాదు. అయినను, విద్యార్థి వయస్సు గల బాలుని నమ్మకుండుట అధర్మమని తలచి తాళముచెవి యిచ్చి వచ్చిరి.

మరునాడు ఫోను వచ్చెను. 'విప్పినం సార్' అని. కారు గలవారందరికిని ఈ రెండు మాటల బరువు తెలియును. విప్పకముందు కారు మనది. విప్పిన పిదప అది వారిది. చక్రములు ఒక మూల, కారు లిఫ్టు మీద, మన మాట గాలిలో ఉండును. 'వలదు, నేను వేరొకచోట చేయించుకొందును' అనుటకు ఆ కారు నడచిరావలె గదా! అప్పటినుండి ధర పెరుగుట మొదలైనది. ముందు ప్యాడ్లనిరి, సాయంకాలమునకు డిస్కులనిరి, పిమ్మట ఆయిలు మొత్తము మార్చకున్న లాభము లేదనిరి. అన్నింటికిని పండితులవారు 'సరే నాయనా' అనిరి. వారికి నలుగురు మనుమలు.

కారు తెచ్చుకొనుటకు నన్ను వెంటబెట్టుకొని పోయిరి. బిల్లు పదునాలుగు వేల పైచిలుకు. పండితులవారు కండ్లజోడు సవరించుకొని, జేబులోని ఎర్రకలము తీసి, జవాబుపత్రము దిద్దు ఫక్కిలో చదువనారంభించిరి. బ్రేకు తనిఖీకి వేరు, తనిఖీ చేసినదానిని విప్పుటకు వేరు, విప్పినదానిని శుభ్రపరచుటకు వేరు, శుభ్రపరచు ద్రవమునకు వేరు, అది చల్లిన చేతికి వేరుగా రుసుములు. ప్రబంధమునకు అష్టాదశవర్ణనలు విధింపబడినవి. ఈ కవి ఇరువదికి తక్కువ చేయలేదు. 'కన్స్యూమబుల్స్' అను శీర్షిక క్రింద ఏమేమి వినియోగమైనవో చెప్పక ధ్వనిమాత్రముగా విడిచిపెట్టిన ఔచిత్యమును పండితులవారు తలయూచి మెచ్చుకొనిరి. బ్రేకు ఆయిలు రెండు లీటర్లు అనుచోట కలమాగినది. ఆ చిన్న కారు గొట్టములన్నియు కలిపినను లీటరు పట్టదు. తక్కినది ఏ సముద్రమున కలిసినదో! 'అతిశయోక్తి' అని అంచున వ్రాసిరి. విడిభాగములపై పన్ను 2025 సెప్టెంబరు 22 నుండి 28 శాతము విడిచి 18 శాతమునకు దిగినను, ఆ అవరోహణము మొత్తమున ఎచ్చటను తోపకుండునట్లు కూర్చిన నేర్పు వేరుగా చెప్పవలసినది.

అంతలో అసలు పద్యము కంటబడినది: 'డిస్క్ ప్యాడ్లు, వెనుక, ఒక సెట్టు.'

ఆ కారు వెనుక చక్రములకు డిస్కులే లేవు. మన చిన్న కార్లలో పెక్కింటికి ముందు మాత్రమే డిస్కులు. వెనుక డ్రమ్ములు, వానిలోపల షూలు. లేని డిస్కునకు ప్యాడు వేయుట కుందేటికొమ్మునకు పసుపు పూయుట వంటిది. 'నాయనా, వెనుక ప్యాడ్లు ఎక్కడ బిగించితిరి?' అని పండితులవారు అడుగగా అడ్వైజరు కంప్యూటరు వంక చూచి, 'సిస్టమ్‌ల కిట్టు లెక్క వస్తది సార్, ముందు కొడ్తే వెనుకది గూడ వస్తది' అనెను.

'అయితే పాత సామాను చూపుడు' అనిరి పండితులవారు. ఈ మాట గ్యారేజీలలో అంతగా వినబడదు. వినబడినప్పుడు అందరును ఒక్కసారి తలలెత్తుదురు. లోపలినుండి పని చేసిన పిల్లవాడు వచ్చెను. వాని చేతులు మోచేతుల వరకు నలుపు. అట్టపెట్టెలోనుండి ముందు చక్రముల ప్యాడ్లు తీసి, బొటనవ్రేలితో తుడిచి చూపెను. కొత్త ప్యాడునకు నడుమ నిలువుగా గాడి యుండును; ఇందు ఆ గాడి జాడ లేదు, వెనుకనున్న ఇనుపరేకు అంచున తళుక్కుమనుచున్నది. 'ఇంకో వారం నడిపితే డిస్కును కోసేటియి సార్' అనెను. సత్యము. డిస్కు అంచున కనీస మందము పోతపోసియుండును. దానితో సరిచూడగా డిస్కులు మార్చనక్కరలేదని, లేతు మీద తిప్పించిన చాలునని తానే చెప్పినట్లును చెప్పెను. 'మరి వెనుకవో?' 'వెనుక డ్రమ్ములే గద సార్! దుమ్ము దులిపి బిగించిన.' ఈ ఉదంతమంతటిలో దీపమునకును రోగమునకును గల సంబంధము తెలిసినవాడు ఆ పిల్లవాడొక్కడే. బిల్లులోని లేబరు అంకెను చూచి వాడే తెల్లబోయెను. మోసము స్పానరు పట్టినచోట కాదు, మౌసు పట్టినచోట జరిగినది.

మేనేజరు పరుగున వచ్చి మమ్ము గదిలోనికి తీసికొనిపోయి చాయ తెప్పించి, 'బిల్లు వద్దంటే ట్యాక్స్ తీసేస్త సార్' అని రహస్యముగా పలికెను. ఎంతటి ఔదార్యము! ఆ 18 శాతము తగ్గింపు పన్నుకు కాదు, మన సాక్ష్యమునకు కట్టు వెల. కాగితము లేనివాడు రేపు ఎవరితో ఏమని మొరపెట్టుకొనును? బిల్లు ఈయకుండుటయే అనుచిత వ్యాపారమని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము చెప్పుచున్నది. అట్టి అనుచితమును కానుకగా పళ్లెరమున పెట్టి యిచ్చుట ఈ ప్రాంతపు మర్యాద.

'నేను అంగీకరించినవాటికే ఇచ్చెదను' అని పండితులవారు అనగా మేనేజరు కంఠము మారినది. 'పైసలు కడ్తేనే బండి బయటికి వస్తది సార్, రూల్ అది.' చిత్రమేమనగా రూలు నిజముగానే ఉన్నది. 1872 నాటి కాంట్రాక్టు చట్టపు 170వ సెక్షను, వస్తువు మీద శ్రమయు నైపుణ్యమును వెచ్చించినవాడు తన ప్రతిఫలము ముట్టువరకు దానిని నిలుపుకొనవచ్చునని వరమిచ్చినది. మోటారుకారు పుట్టకముందే గ్యారేజీవానికి రక్షణ పుట్టినది! అయితే ఆ ప్రతిఫలము న్యాయముగా రావలసినదై యుండవలెనను చిన్న విశేషణమును కూడ ఆ తెల్లదొరలు చేర్చిపోయిరి. గ్యారేజీలు సెక్షనును కంఠస్థము చేసి విశేషణమును మరచినవి. 1998లో శాసనముచే స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము ఇదే శామీర్‌పేటలో, చెరువునకు సమీపముననే యున్నది. అందలి విద్యార్థులు ఈ సెక్షనును మార్కులకై చదువుచుండగా, ప్రహరి కీవల దాని ప్రయోగశాల మూడువందల అరువదియైదు దినములును నడచుచున్నది. ఉభయులును ఒకరినొకరు ఎరుగరు.

రోడ్డు ప్రక్క షెడ్డులనే నిందింపబూనుట అన్యాయము. కార్ల కంపెనీలు తమ విడిభాగములను బయటి మెకానిక్కులకు అందనీయక, కొనుగోలుదారుని తమ గుమ్మమునకే కట్టివేయుచున్నవని ఒక వినియోగదారుడు 2011లో ఫిర్యాదు చేయగా, కాంపిటిషన్ కమిషన్ విచారించి 2014 ఆగస్టులో 14 కంపెనీలకు 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించినది. కంపెనీలు అప్పీళ్లకు పోయినవి. ఆ కోట్ల సంగతి న్యాయస్థానములు తేల్చుకొనుగాక. నాకు నచ్చినది అందలి సమత. షెడ్డులోని భాయి వందలలో చేయుదానిని అద్దాల సౌధములవారు కోట్లలో చేయుచున్నారని ప్రభుత్వసంస్థయే రూఢి పరచినది గదా! శామీర్‌పేట కట్టమైసమ్మ ముందు కొత్త బండ్ల చక్రముల క్రింద పెట్టు నిమ్మకాయ ఒక్కటి మాత్రము ఇప్పటికిని జెన్యూనో డూప్లికేటో అను విచికిత్స లేకుండ చెల్లుబాటగుచున్నది.

తుదకు సంధి కుదిరినది. మేనేజరు వెనుక ప్యాడ్ల ధరయు ఒక లీటరు ఆయిలును తీసివేయుటకు ఒప్పుకొని, క్రొత్త బిల్లు అచ్చువేయించి తెచ్చెను. చూచితిమి గదా, లేని ప్యాడ్ల పంక్తి అట్లే యున్నది. దాని క్రింద 'గుడ్‌విల్ డిస్కౌంటు' అని ఆ మొత్తమే తగ్గింపబడినది. వేయని వస్తువునకు సొమ్ము అడుగకుండుట వారి దాతృత్వమైనది. పొరపాటున వేసితిమని వ్రాయుమని పండితులవారు పట్టుబట్టగా, 'సిస్టమ్‌ల ఆ ఆప్షన్ లేదు సార్' అని మేనేజరు నిజముగానే దుఃఖించెను. ఆ వెంటనే, 'కంపెనీ నుంచి ఫోన్ వస్తది, పదికి పది ఇయ్యండి సార్' అని కూడ వేడుకొనెను.

పండితులవారు మిగిలిన సొమ్ము చెల్లించి, ఎర్రకలముతో బిల్లు అంచున 'ఈ వాహనమునకు వెనుక డిస్కులు లేవు. ఆ భాగములు బిగింపబడలేదు. తక్కిన రుసుములను అభ్యంతరముతో చెల్లించితిని' అని గుండ్రని అక్షరములతో వ్రాసి, క్రింద తేదీ వేసి, దుకాణపు ముద్ర వేయుమనిరి. మేనేజరు ఆ ఎర్ర అక్షరములను ప్రశంసగా భావించెనేమో, రెండు ముద్రలు వేసెను. ఆ కాగితమును పటము కట్టించెదనని పండితులవారు దారిపొడవునను అనుచుండిరి. నేను వలదంటిని. 1915కు ఫోను చేసినను, జిల్లా వినియోగదారుల కమిషను మెట్లెక్కినను అది చేతనుండవలె. 5 లక్షల లోపు వ్యవహారమునకు అచ్చట రుసుము లేదు, వకీలు నక్కరలేదు, గడువు రెండేండ్లు. పిల్లవాడు చూపిన ఆ పాత ప్యాడ్లను మాత్రము పండితులవారు అడిగి తెచ్చుకొనిరి. అవి డిక్కీలో అట్టపెట్టెతో సహా భద్రముగా నున్నవి.